ముగ్గురికీ ఒకే కొలత

తొమ్మిదింటి కాఫీకి ఇంటి కప్పు మీద నుంచి దిగాక ఎస్బెన్ చొక్కా జేబులోంచి ఒక ఉత్తరం తీసి నా చేతిలో పెట్టాడు. చదవమని అనలేదు. వెళ్లి నిచ్చెన మొదట్లో కూర్చుని రొట్టె పొట్లం విప్పుకున్నాడు.

అది కోపెన్‌హాగన్‌లో దెబ్బలకు నష్టం లెక్కగట్టే కార్యాలయం నుంచి వచ్చింది. రెండు పేజీలు. అఫ్ఘానిస్తాన్‌లో తగిలిన దెబ్బ వల్ల మీ సంపాదన శక్తి తగ్గినట్టు తేలలేదు. గత మూడేళ్లలో మీకు ముట్టిన కూలి మీతోపాటు పనిచేస్తున్న మిగతా ఇద్దరి కూలితో సమానంగా ఉంది. నష్టం నూటికి పదిహేను దాటకపోతే పరిహారం ఉండదు. అభ్యంతరం ఉంటే నాలుగు వారాల్లో రాయండి.

రెండుసార్లు చదివాను. ఆ మిగతా ఇద్దరిలో ఒకణ్ణి నేనే. రెండోవాడు ఎవల్డ్. మా నాన్న కాలం నుంచి మాతో ఉన్నవాడు, అరవై దాటాయి. ఎవల్డ్ ఏమైందన్నట్టు చూశాడు.

"ఏమీ రాదట," అన్నాను.

"ఎందుకట?"

"మనంత సంపాదిస్తున్నాడట."

ఎవల్డ్ కప్పులో మిగిలిన కాఫీ గడ్డిలో పారబోసి, ప్లాస్కు మూత బిగించాడు. ఎస్బెన్ రొట్టె తింటున్నాడు. విన్నాడు. తల ఎత్తలేదు.

మేం ఇళ్లకు రెల్లు కప్పు నేస్తాం. నిస్సుమ్ ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పాత ఇళ్లు, సముద్రం వైపు జర్మన్లు కొనుక్కున్న వేసవి ఇళ్లు. మాకు కూలి గంటలకు కాదు, చదరపు మీటర్లకు. కప్పు ఎంత నేస్తే అంత. ఒక్కొక్కడు ఎంత నేశాడో విడిగా కొలిచే పద్ధతి మాత్రం మా దగ్గర లేదు. పని అయ్యాక మొత్తం కప్పు కొలిచి, పని చేసినవాళ్ల మధ్య సమానంగా పంచుకుంటాం. ఒకడికి చూరు దగ్గర తేలిక భాగం వస్తుంది, ఒకడికి పొగగొట్టం చుట్టూ చచ్చేంత చాకిరీ వస్తుంది. ఒకరోజు ఒకడికి నడుము పట్టేస్తుంది. అవన్నీ లెక్కేసుకుంటూ కూర్చుంటే కప్పు మీద మనుషులు కలిసి ఉండలేరని మా నాన్న అనేవాడు. యజమాని కూడా కప్పెక్కితే ముగ్గురిలో ఒకడే. నేనూ అదే నడిపించాను.

ఎస్బెన్, నేను ఒకే ఊరి బడిలో చదివాం. పద్దెనిమిదేళ్లప్పుడు ఇద్దరం ఒకే రోజు హోల్‌స్టెబ్రో వెళ్లాం. డాక్టర్లు చూశాక డబ్బాలో చెయ్యి పెట్టి నంబరు తియ్యాలి. పెద్ద నంబరు వస్తే ఇంటికి, చిన్నది వస్తే పటాలానికి. నాకు ముప్పై ఒక్క వేలు దాటి వచ్చింది, వాడికి నాలుగు వందల పన్నెండు. తిరుగు బస్సులో, ఇకమీదట నీకు పొద్దున్నే నిద్ర లేపేవాడు దొరికాడురా అని నేను ఏడిపించాను. నీకు మీ నాన్న చాలుగా అన్నాడు వాడు.

పని నేర్చుకోవడం అయ్యేదాకా పటాలంవాళ్లు ఆగారు. ఇద్దరం మా నాన్న దగ్గరే నేర్చుకున్నాం. వాడి చెయ్యి నా చెయ్యి కంటే మంచిది. ఈ మాట మా నాన్న నా ముందే అనేవాడు. రోజుకు తొమ్మిది మీటర్లు నేసేవాడు, కప్పు మీద అద్దం పెట్టినట్టు ఉండేది. తర్వాత పటాలానికి పోయాడు. పోవాల్సింది నాలుగు నెలలే. అక్కడ అలవాటు పడ్డాడు, జీతం కూడా బాగుంది, ఒప్పందం మీద ఉండిపోయాడు. అప్పట్లో నాకంటే ఎక్కువ తెచ్చేవాడు. కొత్త కారులో వచ్చి, ఇంకా గడ్డి మోస్తున్నావా అని నవ్వేవాడు. రెండోసారి హెల్మండ్ వెళ్లినప్పుడు బండి కింద మందుపాతర పేలింది. ముందు కూర్చున్న ఇద్దరూ పోయారు. వెనకున్న ఎస్బెన్ తన కాళ్ల మీద తనే నడిచి బయటికి వచ్చాడు. అందుకే కాగితాల్లో వాడిది చిన్న దెబ్బ అని రాశారు.

వాడు తిరిగొచ్చేసరికి మా నాన్న లేడు. పని నాది. సోమవారం రా అన్నాను.

మొదటి నెలలోనే చూశాం. పదకొండింటిదాకా మనిషి బాగానే ఉంటాడు. తర్వాత ఎడమ చెయ్యి పట్టు వదిలేస్తుంది, మెడ ఒక పక్కకు బిగుసుకుంటుంది. మోపు విప్పి, రెల్లు పరిచి, తీగ బిగించి, చెక్కతో మొదళ్లు తట్టి సమం చెయ్యడం మా పని. ఆ తట్టుడు చప్పుడుకే వాడి కళ్లు మూతపడేవి. మధ్యాహ్నం తర్వాత వాడు వేసిన వరసలో తీగ వదులుగా ఉండేది. అలా వదిలేస్తే రెండు శీతాకాలాల్లో నీళ్లు దిగుతాయి. రెండింటికి, తల నొప్పిగా ఉందిరా, పోతాను అనేవాడు. పో అనేవాణ్ణి. వాడి కారు వెళ్లాక ఎవల్డ్ వాడి భాగం మీదికెక్కి ఆ వరసలు విప్పి మళ్లీ బిగించేవాడు. చెయ్యమని నేను చెప్పలేదు. ఎందుకు చేస్తున్నావని కూడా అడగలేదు. పదిహేను రోజులకు కొలత ముగ్గురికీ సమానంగా పడేది. అలా మూడేళ్లు. ఆ మూడేళ్ల కూలి కాగితాలు నేనే కోపెన్‌హాగన్ పంపాను, వాళ్లు అడిగితే.

ఆ శనివారం పొద్దున నేను కొట్టాంలో మోపులు దింపుతుంటే ఎస్బెన్ భార్య సిగ్నె వచ్చింది. లెమ్‌విగ్‌లో ముసలివాళ్లను చూసుకునే చోట పని చేస్తుంది. ఆ ఉడుపులోనే ఉంది. తను వచ్చినట్టు ఎస్బెన్‌కు తెలియకూడదని ముందే చెప్పింది. డాక్టరు తనకు విడిగా చెప్పిన సంగతి చెప్పింది. ఈ పని ఇంకో రెండేళ్లు, మహా అయితే. మెడ ఎముకలు రెండు అరిగిపోయాయట. కప్పెక్కడం మానేశాక పరిహారం ఉంటే ఇల్లు నిలుస్తుంది, లేకపోతే నిలవదు. ఈ ఉత్తరం ఇలాగే ఖాయమైతే తర్వాత దాన్ని కదిలించడం కష్టమని సైనికుల సంఘం వాళ్లు అన్నారట.

"ట్రోల్స్, రెండున్నరకి ఇంటికొస్తాడు. బూట్లతోనే పడుకుంటాడు. కర్టెన్లు వేసి ఉండాలి. మా పిల్ల వెళ్లి పలకరిస్తే గోడవైపు తిరుగుతాడు. మీకు పొద్దుటి మనిషి కనపడతాడు. నాకు మిగిలింది కనపడుతుంది."

ఏం చెయ్యమంటావని అడిగాను.

"ఒక్కడే ఎంత నేస్తాడో కొలిచి రాసివ్వు. నిజం రాస్తే చాలు."

"వాడితో అన్నావా?"

"అంటే ఒప్పుకుంటాడా? నీకు తెలియనట్టు అడుగుతావేం."

సోమవారం ఎవల్డ్‌తో చెప్పాను. ఎస్బెన్ అప్పటికి వెళ్లిపోయాడు. ఎవల్డ్ పైన వాడి వరసలు విప్పుతున్నాడు, విప్పడం ఆపకుండానే విన్నాడు.

"అది రాశాక వాడు నిచ్చెన ఎక్కడు," అన్నాడు.

"రాయకపోతే రెండేళ్లలో ఎలాగూ ఎక్కడు."

"అప్పుడు ఆపేది వాడి ఒళ్లు. ఇప్పుడు ఆపేది మనం."

అయినా టేపు చివర పట్టుకోమంటే పట్టుకున్నాడు. రెండు వారాలు కొలిచాం, ఎస్బెన్ వెళ్లాక రోజూ. ఒకరోజు నాలుగు మీటర్లు, ఒకరోజు రెండు. సగటున మూడున్నర, అందులో సగం ఎవల్డ్ మళ్లీ కట్టినది. ఇదంతా ఒక పేజీలో రాసి, సంతకం పెట్టి పంపాను.

ఎస్బెన్‌కు చెప్పలేదు. చెప్పే వీలు లేక కాదు. పొద్దున పక్కపక్కనే మోపులు దింపుతాం. కాఫీకి పక్కపక్కనే. నిచ్చెన మీద ఒకడి తలకు ఒకడి బూటు తగులుతుంది. రేపు చెప్దాం అనుకున్నాను. కాగితం పోయింది కదా, ఇక చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాను. ఆ కార్యాలయం తనకు అందిన ప్రతి కాగితం నకలు అర్జీ పెట్టుకున్నవాడికి పంపుతుందట. అది అప్పటికి నాకు తెలియదు.

గురువారం నకలు వాడింటికి వెళ్లింది. శుక్రవారం ఎప్పటిలాగే ఏడుకు పది నిమిషాలప్పుడు వచ్చాడు. పని మొదలుపెట్టాం. కాఫీకి దిగాక ఎవల్డ్ వైపు తిరిగి అడిగాడు.

"పెద్దాయనా, నేను పోగానే ఎక్కుతావా, నా కారు మలుపు తిరిగేదాకా ఆగుతావా?"

"మలుపు తిరిగేదాకా," అన్నాడు ఎవల్డ్.

"మర్యాదస్తుడివి."

కాస్త నవ్వాడు కూడా. తర్వాత నావైపు తిరిగాడు.

"మూడున్నర. ఆ అర కూడా వదల్లేదు నువ్వు."

"కొలిస్తే అంత వచ్చింది."

"నాతో అనాల్సింది."

"అనాల్సింది."

అంతే. మళ్లీ ఎక్కాం. ఆరోజు వాడు రెండింటికి వెళ్లలేదు. నాలుగింటిదాకా ఉన్నాడు. ఎంత నేశాడో మేం చూడలేదు, చూడనట్టు ఉన్నాం.

ఆ ఆదివారం వాడు తన చేత్తోనే కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన యజమాని చిన్ననాటి స్నేహితుడని, తనకు డబ్బు ఇప్పించాలని అలా రాశాడని, అది నిజం కాదని. నమ్మకపోతే వచ్చి చూసుకోండని. ఈ సంగతి సిగ్నె నాకు తర్వాత చెప్పింది. పోస్టులో వేసేటప్పుడు వద్దని చెయ్యి పట్టుకుందట. నలుగురు మోస్తుంటే బతకమంటావా అన్నాడట.

రెండు మాటలు రెండు రకాలుగా ఉన్నాయి కాబట్టి చూసి రమ్మని వాళ్లు మా మున్సిపాలిటీకి రాశారు. జూన్‌లో ఒక బుధవారం లిస్బెట్ అనే ఆవిడ వచ్చింది. పొలం మట్టిలో తిరిగిన మనిషే, మట్టికి తగ్గ బూట్లు వేసుకుని వచ్చింది. మేం అప్పుడు బోవ్లింగ్‌లో ఒక పెద్ద ఇంటి దక్షిణం వైపు నేస్తున్నాం. తను అక్కడ లేనట్టే పని చేసుకోమంది.

ఎస్బెన్ ఆ పొద్దున ఏడుకు పది నిమిషాలదాకా ఆగలేదు. తన కారులో మాకంటే ముందే వచ్చి, మోపులు పైకి వేసుకుని ఉన్నాడు. ఎడమ మణికట్టుకు గుడ్డ బిగించి కట్టుకున్నాడు. మాత్రలు వేసుకున్నాడని కళ్లు చూస్తే తెలుస్తోంది.

ఆ రోజు వాడు నేసిన నేత గురించి చెప్పాలి. నా భాగం వాడి భాగం పక్కనే. ఏడేళ్లుగా వినని చప్పుడు విన్నాను. మోపు కట్టు తెగిన చప్పుడు, రెల్లు జారిన చప్పుడు, తీగ బిగిసిన చప్పుడు, తర్వాత చెక్క తట్టుడు మూడు దెబ్బలు. ఆపకుండా, ఒకదాని వెనక ఒకటి. మా నాన్న బతికుంటే కిందికి దిగి, నిలబడి చూసేవాడు. పదకొండయింది, ఆగలేదు. పన్నెండుకి మేం దిగాం. వాడు దిగి ఏమీ తినలేదు. రెల్లు ట్రాలీ వెనక్కి వెళ్లాడు. వంగి, ట్రాలీ చక్రం పట్టుకుని వాంతి చేసుకున్నాడు. గడ్డి పీకి మూతి తుడుచుకున్నాడు. నేను చూశాను. ఎవల్డ్ చూశాడు. లిస్బెట్ కారులో కూర్చుని ఫోను మాట్లాడుతోంది. వాడు తిరిగొచ్చి, మొహం మామూలుగా పెట్టుకుని, నిచ్చెన ఎక్కాడు.

ఎవల్డ్ నావైపు చూశాడు. ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పడానికి ఇరవై అడుగులు నడవాలి. నేను నడవలేదు. ఎవల్డ్ కూడా నడవలేదు.

మూడున్నరకి అందరం దిగాం. టేపు ఆవిడే అడిగి తీసుకుంది. నేను పైన పట్టుకున్నాను, ఆవిడ కింద చదివింది. తొమ్మిది మీటర్లు, మీద ఇంకొంచెం. కప్పు మీద చెయ్యి వేసి అటూ ఇటూ రాసి చూసింది. ఎక్కడా ఎత్తుపల్లం లేదు.

ఎస్బెన్ పక్కనే నిలబడ్డాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. నావైపు చూడలేదు. కప్పు వైపు చూస్తున్నాడు.

"ట్రోల్స్ గారూ, మీరు రోజుకు మూడున్నర అని రాశారు," అంది ఆవిడ. గొంతులో వెటకారం లేదు. "ఇవాళ తొమ్మిది. ఇందులో మామూలు రోజు ఏది?"

నాకు తెలుసు. ఎవల్డ్‌కు తెలుసు. ఎస్బెన్‌కు అందరికంటే బాగా తెలుసు. ఒకసారి వాడి వెనక కాగితం మీద రాసిన మాటే ఇది. ఇప్పుడు వాడి మొహం ముందు, ఆ తొమ్మిది మీటర్ల కింద నిలబడి, ఒక ఆడమనిషికి వినపడేలా అనాలి. వాడి దవడ కదులుతోంది. మా వైపు మనిషిని నలుగురిలో తక్కువ చెయ్యరు. తాగుబోతునైనా అలా చెయ్యరు.

"ఇలాంటి రోజులూ ఉంటాయి," అన్నాను.

"వారానికి ఎన్ని?"

"ఉంటాయి."

ఆవిడ ఎవల్డ్ వైపు తిరిగింది. నేను ముసలాణ్ణి, లెక్కలు తెలియవు అన్నాడు ఎవల్డ్. ఆవిడ పుస్తకంలో రాసుకుంది. ఇంకేమైనా చెప్పేది ఉందా అని ముగ్గురినీ అడిగింది. కాసేపు ఆగింది కూడా. అందరితో చెయ్యి కలిపి వెళ్లిపోయింది. ఎస్బెన్ చంకలోంచి కుడిచెయ్యి మాత్రం తీశాడు.

ఆవిడ కారు వెళ్లాక నా భుజం మీద చెయ్యి వేసి, మేలు చేశావురా అన్నాడు. తన కారెక్కాడు. మలుపు దగ్గర కారు ఆగింది. చాలాసేపు ఆగే ఉంది. తర్వాత కదిలింది. ఎవల్డ్ చెక్క తీసుకుని అలవాటుగా నిచ్చెనెక్కి, వాడి భాగం మీద ఆ చివర నుంచి ఈ చివరకు చూసి దిగి వచ్చాడు.

"ముట్టుకోవాల్సింది లేదు," అన్నాడు.

మర్నాడు ఎస్బెన్ రాలేదు. పొద్దున సామాన్ల గదిలో నేల మీద కూర్చుని ఉంటే సిగ్నె చూసిందట. బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు, మళ్లీ లేవలేకపోయాడు. తల తిప్పలేడు, చేతివేళ్లు ముడుచుకోవు. ఆంబులెన్సు వచ్చి హోల్‌స్టెబ్రో ఆసుపత్రికి తీసుకెళ్లింది. మూడు వారాలు అక్కడ ఉన్నాడు. ఆ తర్వాత వాడు కప్పెక్కలేదు.

ఆగస్టులో తీర్పు వచ్చింది. మొదటిదే ఖాయం. మున్సిపాలిటీ ఉద్యోగి స్వయంగా చూసిన ప్రకారం అర్జీదారుడు వృత్తిలో నిపుణుడైన పనివాడు చేసేంత పని చేయగలుగుతున్నాడు, ఇటువంటి రోజులు ఉంటాయని యజమాని ధ్రువీకరించారు అని రాశారు. నా మాట నా పేరుతోనే ఉంది.

శరదృతువులో సంఘం వాళ్లు మళ్లీ అర్జీ పెట్టించారు, మనిషి ఇప్పుడు పని మానేశాడు కదా అని. నేను ఈసారి నాలుగు పేజీలు రాశాను. మూడేళ్ల సంగతి, ఎవల్డ్ విప్పి కట్టిన వరసలు, ట్రాలీ వెనక వాంతి, మణికట్టు గుడ్డ, అన్నీ. ఎవల్డ్ చేత సంతకం పెట్టించాను. జవాబు చలికాలంలో వచ్చింది. పని మానడానికి కారణం యుద్ధంలో తగిలిన దెబ్బ అని చెప్పలేం, కప్పు పని బరువు వల్ల వచ్చిన నొప్పి అయ్యుండొచ్చు, ఎందుకంటే జూన్‌దాకా పూర్తి పని చేసినట్టు రుజువు ఉంది. యజమాని ఇప్పుడు రాసినది అప్పట్లో ఎదుట చెప్పినదానికి భిన్నంగా ఉంది. నేను వాళ్ల చోట ఉన్నా అలాగే రాసేవాణ్ణి.

మున్సిపాలిటీ నెలకింత అని ఇస్తుంది. తిండికి సరిపోతుంది. ఇల్లు అమ్మకానికి పెట్టారని సంతలో విన్నాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఎస్బెన్ వంటింట్లో బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. కుడిచేత్తో కత్తి, ఎడమచెయ్యి దుంపను బల్లకు అదిమి పెట్టి ఉంది. చుట్టూ అట్టపెట్టెలు. కూర్చోమన్నాడు.

"ఈ ఏడు రెల్లు ఎలా ఉంది?"

"పొట్టిగా ఉంది. నీళ్ల మీద మంచు గట్టిపడలేదు. పడవలో వెళ్లి కోశారు."

"తడిసి ఉంటుంది."

"తడిసే ఉంది."

ఎవల్డ్ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు. చెప్పాను. కాఫీ తాగాం. బోవ్లింగ్ ఇంటి సంగతి వాడు ఎత్తలేదు. నేను నాలుగు పేజీలు రాశానని వాడికి తెలుసు, నకలు వచ్చే ఉంటుంది. కాసేపటికి వాడి కళ్లు సగం మూతపడ్డాయి. లేచాను.

సిగ్నె కారుదాకా వచ్చింది. ఇంకోసారి రాస్తాను, కావాలంటే కోపెన్‌హాగన్ వెళ్లి వాళ్ల ముందే చెప్తాను అన్నాను. ఆమె తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"అప్పుడు నిన్ను అడిగారు ట్రోల్స్," అంది. "ఎదురుగా నిలబడి, మర్యాదగా అడిగారు."

వాడు పక్కనే ఉన్నాడని అన్నాను.

"ఉన్నాడు. అతనికి ఆ ఒక్క రోజు మిగిల్చావు. నాకు మిగతావన్నీ మిగిల్చావు."

కోపంగా అనలేదు. తలుపు మీద నుంచి చెయ్యి తీసి లోపలికి వెళ్లింది. లోపల పెట్టెకు టేపు అంటిస్తున్న చప్పుడు వినపడింది. కారు తీశాను. సోమవారం ఫెర్రింగ్‌లో కొత్త ఇల్లు మొదలుపెట్టాలి, రెండు వందల నలభై మీటర్లు. మేం ఇద్దరమే.